నల్ల కారు మీద గీతలు, సిరామిక్ సీసా, పోరని జీతం



ఇయ్యాల శుక్రవారం. బట్టలు ఉతుక్కున్న, ఇంటికి ఫోన్ చేసిన, ఇగ కూసొని రాస్తున్న. కొంచెం పొడుగైతది. ఓపికతోని ఆఖరి దాక చదవండి. నడుమల్నే వదిలేసి కామెంట్ పెట్టకండి.

మొన్న బుధవారం రాత్రి బహ్రెయిన్‌ల, అద్లియాల మా రూముకు ఒక పోరడు వచ్చిండు. జగిత్యాల దిక్కు. ఇరవై మూడేండ్లు ఉంటయేమో. కార్లు కడిగే పని. తెల్లారి నాలుగింటికి బకెట్ పట్టుకుంటే ఏడింటి లోపల 18 కార్లు తుడవాలె. జీతం 110 దినార్లు. ఈ నెల చేతికి 80 వచ్చినయి. 30 దినార్లు కోసిండ్రు. మన రూపాయలల్ల ఆరు వేల పైమాటే. ఊర్ల వాళ్ల అమ్మ మందులకు పంపే పైసలు అవి.

ఎందుకు కోసిండ్రు? 18 కార్లల్ల ఒకటి నల్లది, పెద్ద కారు. ఓనరు రెండు నెలల కింద ఒక సిరామిక్ స్ప్రే కొని కొట్టించుకున్నడట. అమ్మినోడు "ఇది కొట్టినంక ఏడాది దాక గీత పడదు" అని చెప్పిండట. ఒకరోజు రాత్రి పెట్రోల్ బంకు లైట్ల కింద చూస్తే కారు మొత్తం సాలెగూడు లెక్క గీతలు. ఇగ ఫోన్ తీసి కార్లు కడిగే కంపెనీకి ఫిర్యాదు. "మీ పోరడు గుడ్డ గుండ్రంగ తిప్పి రుద్దిండు, అందుకే గుండ్రంగ గీతలు పడ్డయి" అని. కంపెనోడు ఏం అడగలేదు, ఏం చూడలేదు. జీతంల కోసేసిండు.

దీనికే నాకు కోపం రాలేదు. గల్ఫ్‌ల 17 ఏండ్లు అయింది, ఇసొంటివి మస్తు చూసిన. నాకు కోపం వచ్చింది మా రూముల కూసున్న మనోళ్ల మాట మీద. "నువ్వే సరిగ్గ తుడవలేదేమో తమ్మీ, సిరామిక్ కొట్టినంక ఊకెనే గీతలు పడయి గదా" అన్నరు. అన్నోళ్లల్ల ఇద్దరికి సొంత కార్లు ఉన్నయి, రెండూ నల్లయే. వాళ్లూ అదే సీసా కొనాలని చూస్తున్నరు.

అందుకే రాస్తున్న. నేను చెప్పేది ఒక్కటే మాట. సిరామిక్ స్ప్రే గీతలను ఆపదు. ఏ కంపెనీది అయినా ఆపదు. నల్ల కారును కాపాడేది నీళ్లు, శుభ్రమైన గుడ్డ, తుడిచేటోనికి ఇచ్చే టైము. ఈ మూడు ఇయ్యకుండ సీసా కొని, గీత పడ్డంక పోరని జీతం కోసుడు అన్యాయం. అది ఎవడు చేసినా అన్యాయమే, మనోడు చేసినా.

ఇగ ఒక్కొక్కటి చెప్త. నేను పదో తరగతి చదివిన మనిషిని, సైంటిస్టును కాదు. కని సైట్ మీద పెయింటు, ప్రైమర్, ఎపాక్సీ, వాటర్‌ప్రూఫింగ్ దగ్గర నిలబడి పని చేయించిన మనిషిని. పూత అంటే ఏందో నాకు తెల్వదని ఎవ్వడూ అనడు.

మొదలు, గీత ఎక్కడ పడుతదో తెలుసుకోండి. కారు రంగు మీద పైన ఒక పారదర్శకమైన పొర ఉంటది. క్లియర్ కోట్ అంటరు. చాలా కార్లకు అది 40, 50 మైక్రాన్ల దగ్గర ఉంటది. మన తల వెంట్రుక అంతకంటె మందం. స్టీలు బీములకు ఎపాక్సీ వేసినంక గేజీ పెట్టి మైక్రాన్లు కొలిచేటోళ్లకు తెలుస్తది, 50 మైక్రాన్లు అంటే ఎంత పల్చనో. మీరు చూసే ఆ సాలెగూడు గీతలు ఈ పొరల పడ్డ సన్నటి గీతలు. రంగు దాక పోయినయి కావు.

తెల్ల కారుకు పడయా? అంతే పడుతయి. కనపడయి, అంతే. తెల్ల గోడ మీద తెల్ల చాక్‌పీసుతోని గీస్తే కనపడుతదా? నల్ల బోర్డు మీద గీస్తే బడి చివరి బెంచి దాక కనపడుతది. నల్ల కారు కొన్న రోజే ఈ సంగతి ఒప్పుకోవాలె. ఒప్పుకోకుండ కొని, తర్వాత ఎవని మీదనో ఏడిస్తే ఎట్ల?

రెండోది, "గుండ్రంగ రుద్దిండు, గుండ్రంగ పడ్డయి" అన్న సాక్ష్యం. ఇది తప్పు. మీరే చూడండి. రాత్రి ఏదన్న నల్ల కారు దగ్గర ఫోన్ టార్చి పెట్టండి. లైటు చుట్టూ గుండ్రంగ గీతలు కనపడుతయి. ఇప్పుడు టార్చిని మూరెడు పక్కకు జరపండి. ఆ గుండ్రం కూడ మూరెడు పక్కకు జరుగుతది! గీతలు నడుస్తయా? నడువయి. కారు మీద అన్ని దిక్కులకు సన్నటి గీతలు ఉంటయి. లైటుకు అడ్డంగ ఉన్నయి మాత్రమే మెరుస్తయి, నిలువుగ ఉన్నయి కనపడయి. అందుకే లైటు ఎక్కడ పెడితే దాని చుట్టూ గుండ్రం కడుతది. అంటే ఆ గుండ్రం చూసి, చెయ్యి ఎట్ల తిప్పిండో చెప్పుడు ఎవని తరం కాదు. ఆ 30 దినార్లు కోసింది ఈ తప్పుడు సాక్ష్యం మీదనే.

మూడోది, సిరామిక్ అన్న పేరు. మనం టైల్స్ వేసేటోళ్లం, సిరామిక్ అంటే మనకు కొత్తగ చెప్పాల్నా? మట్టిని వత్తి, వెయ్యి డిగ్రీలు దాటిన పొయ్యిల కాలిస్తే సిరామిక్. మరి సీసాల పోసినదాన్ని ఏ పొయ్యిల కాల్చిండ్రు? అసొంటి స్ప్రేలల్ల ఉండేది చాలా వరకు నీళ్లు, దాంట్ల కలిపిన సిలికాన్ జాతి మందులు. సీసా మీద సిలికా అనో, ఎస్ఐఓ2 అనో రాస్తరు. సిలికా అంటే మన ఇసుకల ఉండేదే. ఆ పేరు పట్టుకొని సిరామిక్ అని పెద్ద అక్షరాలల్ల అచ్చు వేస్తరు.

షాపులల్ల గంటలు గంటలు కూసొని చేసే అసలు సిరామిక్ కోటింగ్ వేరే. దానికి మొదలు మెషీన్‌తోని పాలిష్ కొట్టాలె, స్పిరిటుతోని జిడ్డు తుడవాలె, చిన్న సీసాల ఉన్న మందును జానెడు జానెడు పూసి ఆరబెట్టాలె. అది ఏండ్లు నిలుస్తది. కని అది కూడ ఒకటి రెండు మైక్రాన్ల పొరనే. ఇసుక పట్టిన గుడ్డతోని రుద్దితే దాని మీద కూడ గీత పడుతది. ఇగ స్ప్రే సంగతి చెప్పే పని లేదు.

నాలుగోది, 9హెచ్. కొన్ని సీసాల మీద "9హెచ్ గట్టితనం" అని ఉంటది. అమ్మేటోడు "వజ్రం 10, ఇది 9" అంటడు. అబద్ధం. వజ్రం 10 అన్నది రాళ్ల గట్టితనం కొలిచే మోస్ లెక్క. 9హెచ్ అన్నది పెన్సిల్ లెక్క. పెయింటు మీద మెత్తటి పెన్సిలు మొదలు గట్టి పెన్సిలు దాక గీసి చూసే పరీక్ష అది. 9హెచ్ అంటే గట్టి పెన్సిల్ గీసినా గీత పడలేదని అర్థం. అంతే. మరి మన కారు మీద పడేది పెన్సిలా, ఇసుకనా? ఎండాకాలం షమాల్ గాలి వస్తే కారు మీద పొర కట్టే దుమ్ముల ఇసుక రేణువులు ఉంటయి. ఇసుకల ఉండే క్వార్ట్జ్ రాయి మోస్ లెక్కల 7. పెన్సిల్ ముల్లును అది నమిలి పారేస్తది. ఈ రెండు లెక్కలు కలిపి చెప్పేటోని దగ్గర ఏం కొనకండి.

ఇప్పుడు మీరు అడుగుతరు. "అన్నా, మరి ఆ స్ప్రే ఉత్తదేనా? నేను కొట్టిన, కారు అద్దం లెక్క మెరిసింది."

ఉత్తది కాదు తమ్మీ. నేను కూడ వాడుత. మేము ముగ్గురం కలిసి కొన్న పాత కారు నల్లదే. స్ప్రే చేసే పని ఏందో చెప్త. రంగు లోతుగ, నిగనిగ కనపడుతది. నీళ్లు ముత్యాల లెక్క జారిపోతయి. పైన జారుడు ఉంటది కాబట్టి దుమ్ము గట్టిగ పట్టుకోదు, నీళ్లు కొడితే సులువుగ వదులుతది. తుడిచేటప్పుడు గుడ్డ సాఫుగ పోతది. పాతకాలం కార్నౌబా మైనం ఉంటది చూడండి, బ్రెజిల్ దేశంల ఒక తాటి జాతి చెట్టు ఆకుల మీద నుంచి తీసేది, దానికంటె ఇది ఎండకు ఎక్కువ రోజులు నిలుస్తది. ఇవన్నీ నిజం. నేను కాదంటలేను.

కని చెయ్యని పనులు కూడ రాసుకోండి. పడ్డ గీతను పోగొట్టదు. కొన్ని మందులు నాలుగు రోజులు నింపి దాస్తయి, అంతే. పడబోయే గీతను ఆపదు. పిట్ట రెట్ట ఎండల రెండు రోజులు ఉంటే మచ్చ కాకుండ ఆపదు. నీళ్ల మరకలను ఆపదు. ఇక్కడొక తిరకాసు ఉంది. నీళ్లు ముత్యాల లెక్క నిలబడుతయి గదా, తుడవకుండ ఎండల వదిలేస్తే ఆ ముత్యం అక్కడ్నే ఎండి, దాంట్ల ఉన్న ఉప్పు, సున్నం తెల్ల చుక్కలాగ అతుక్కుంటది. నల్ల కారు మీద ఆ చుక్కలు దూరం నుంచి కనపడుతయి. "సిరామిక్ కొట్టినంక మరకలు ఎక్కువైనయి" అని కొందరు అనేది ఇందుకే.

సరే, కొనాలె అనుకుంటే ఏది కొనాలె? నా లెక్క ఇది.

ఒకటి. నెలల సంఖ్య చూసి కొనకండి. సీసా మీద 6 నెలలు, 12 నెలలు అని రాస్తరు. దాని ముందు "గరిష్ఠంగా" అని చిన్న అక్షరాలల్ల ఉంటది. బయట ఎండల, సముద్రపు గాలిల, దుమ్ముల నిలబడే మన కారుకు రెండు మూడు నెలలకు ఒకసారి మళ్లీ కొట్టాలె అనుకొనే కొనండి. ఎక్కువ నిలిస్తే లాభం అనుకోండి.

రెండు. కొట్టే పద్ధతి చూసి కొనండి. ఇవి రెండు రకాలు. ఒకటి, తడి కారు మీద కొట్టి మళ్లీ నీళ్లతోని కడిగేసేది. మెగ్వయర్స్ హైబ్రిడ్ సిరామిక్ వాక్స్ ఈ రకం. ఇంకోటి, కారు మీద కొట్టి గుడ్డతోని పరిచి, ఇంకో పొడి గుడ్డతోని తుడిచేది. టర్టిల్ వాక్స్ హైబ్రిడ్ సొల్యూషన్స్ సిరామిక్ స్ప్రే కోటింగ్ ఈ రకం. పైపు ఉండి, నీళ్లు ధారగ వచ్చే చోటు ఉంటే మొదటి రకం తీసుకోండి. గుడ్డ తగిలేది తక్కువ, నల్ల కారుకు అదే మంచిది. పైపు లేదు, బకెట్టే దిక్కు, నీడ ఉంది అంటే రెండోది. కని రెండో రకం వేడి రేకు మీద కొడితే తుడవకముందే ఆరి, చారలు పడుతది. తెల్ల కారు మీద ఆ చారలు ఎవనికీ కనపడయి, నల్ల కారు మీద పరువు పోతది.

మూడు. సీసా మీద క్లీనర్, పాలిష్ అని కూడ ఉంటే జాగ్రత్త. కొన్నింటిల సన్నగ గీకే మందు ఉంటది. రక్షణకు కొనేటప్పుడు అది వద్దు.

నాలుగు. చిన్న సీసా కొనండి. పెద్దది కొని ఎండల ఉండే కారు డిక్కీల పెడితే మందు పాడైతది. ధర అడిగేటప్పుడు 10 శాతం వ్యాట్ కలిపి అడగండి. 2022 జనవరి నుంచి ఇక్కడ 10 శాతం ఉందని మీకు తెలుసు, అయినా బిల్లు దగ్గర ఆగం అయితరు.

ఐదు. ఇది అన్నిటికంటె ముఖ్యం. స్ప్రేకు ఎంత పెడుతున్నరో అంత గుడ్డలకు పెట్టండి. రెండు సీసాల పైసలు ఉంటే ఒకటే సీసా కొని, మిగిలిన పైసలకు మంచి మెత్తటి మైక్రోఫైబర్ గుడ్డలు ఆరు కొనండి. కింద పడ్డ గుడ్డను మళ్లీ కారుకు తగలనియ్యకండి. టైర్ల గుడ్డ వేరే, బాడీ గుడ్డ వేరే. ఉతికేటప్పుడు మెత్తదనానికి వేసే సువాసన లిక్విడ్ వేయకండి, గుడ్డ నీళ్లు పీల్చుడు బంద్ చేస్తది.

కొట్టే టైము కూడ చెప్త. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక మధ్యాహ్నం 12 నుంచి 4 వరకు మనుషులు ఎండల పని చేయొద్దని ఇక్కడి సర్కారు రూలు పెట్టింది. కారుకు కూడ అదే రూలు అనుకోండి. బానెట్ మీద అరచెయ్యి పెట్టి పది లెక్కపెట్టగలిగితేనే పని మొదలుపెట్టాలె. తెల్లారి మంచు పడ్డ కారును పొడి గుడ్డతోని తుడవకండి. ఆ మంచుల దుమ్ము కలిసి బురదై ఉంటది. ముందు నీళ్లతోని దుమ్మును దించాలె. తర్వాత రెండు బకెట్లు, ఒకటి సబ్బు నీళ్లు, ఒకటి గుడ్డ జాడించేందుకు ఉత్త నీళ్లు. పైన మొదలుపెట్టి కిందికి రావాలె. ఆఖరికి ఏసీ పైపుల నుంచి కారే నీళ్లు ఒక బకెట్ పట్టి, బట్టల వడగట్టి పోస్తే మరకలు పడయి. ఆ నీళ్లల్ల ఉప్పు, సున్నం దాదాపు ఉండయి. ఇది నా సొంత పద్ధతి, పైసా ఖర్చు లేదు.

ఇప్పుడు మళ్లీ పోరని దగ్గరికి వస్త.

మూడు గంటలు, 18 కార్లు. లెక్క చేయండి. కారుకు పది నిమిషాలు. దాంట్లనే బకెట్ మోసుకొని నడుచుడు, నీళ్లు మార్చుడు. వానికి ఇచ్చింది ఒక బకెట్, రెండు గుడ్డలు. పార్కింగుల పైపు వాడనియ్యరు, నేల తడి అయితదని. ఒక బకెట్ నీళ్లతోని మూడు కార్లు. మొదటి కారు ఇసుక రెండో కారు మీద, రెండోదాని ఇసుక మూడో కారు మీద. ఆ నల్ల కారు వరుసల మూడోది! గీతలు పడకుండ ఉంటయా? ఇండ్ల పోరని తప్పు ఎక్కడుంది? సైట్ మీద నేను మేస్త్రికి సిమెంటు సగం ఇచ్చి, నీళ్లు ఇయ్యకుండ, గోడ పగిలినంక వాని జీతం కోస్తే మీరు నన్ను ఏమంటరు? అదే మాట ఇక్కడ కూడ అనండి.

గురువారం సాయంత్రం డ్యూటీ అయినంక నేను పోరణ్ని తీసుకొని ఆ ఓనరు దగ్గరికి పోయిన. కొట్లాటకు కాదు, సలాం చెప్పి, మర్యాదగనే మాట్లాడిన. టార్చి పెట్టి గుండ్రం చూపించిన, పక్కకు జరిపి అది జరుగుడు కూడ చూపించిన. ఆయన రెండు మూడు సార్లు తానే జరిపి చూసిండు. తర్వాత డిక్కీ తెరిస్తే దాంట్ల ఒక పొడి బ్రష్షు, దుమ్ము దులిపేది. రోజూ సాయంత్రం దానితోని తానే దులుపుతడట, "సిరామిక్ ఉంది గదా, ఏం కాదు" అని. ఇసుక ఉన్న రేకు మీద పొడి బ్రష్షు! నేను ఏం అనలేదు. ఆయనకే అర్థం అయింది. కంపెనీకి ఫోన్ చేసి ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్న అన్నడు.

పైసలు వచ్చినయా? ఇంకా రాలేదు. కంపెనోడు సగం ఇస్త, వచ్చే నెల ఇస్త అంటుండు. అందుకే ఇక్కడ విజయం అని రాస్తలేను. మొత్తం 30 వచ్చే దాక అడుగుతనే ఉంట.

కొందరు అంటరు, "నీకు ఎందుకు అన్నా, మనకు కార్లు ఎక్కడివి, అరబ్బోళ్ల కార్ల సంగతి మనకెందుకు" అని. కార్లు లేనోళ్లే ఎక్కువ, ఒప్పుకుంట. కని ఆ కార్లు తుడిచే చేతులు ఎవరియి? మనయి. బెంగాలోళ్లయి, నేపాలోళ్లయి, మనయి. సీసా మీద రాసిన అబద్ధానికి దండుగ కట్టేది అమ్మినోడు కాదు, కొన్నోడు కాదు, తుడిచినోడు. ఇది తెలిస్తే రేపు మీరు కూడ ఎవని దగ్గరన్న నిలబడి టార్చి చూపించొచ్చు.

కార్లు ఉన్న మనోళ్లకు ఒక మాట. మీ కారు కడిగే పోరనికి రెండు మంచి గుడ్డలు మీరే కొనియ్యండి, మీ కారుకే వాడుమని చెప్పండి. ఒక బకెట్ ఉత్త నీళ్లు ముందుగాల పోయమనండి. పది నిమిషాల పనికి పదిహేను నిమిషాలు అయితే ఫోన్ చేసి తిట్టకండి. దుమ్ము గాలి వచ్చిన రోజు తుడవకున్నా మంచిదే, అట్లనే ఉండనియ్యుమని చెప్పండి. ఇవి చేసినంక సిరామిక్ కొట్టండి, ఏది కొట్టినా మెరుస్తది. ఇవి చెయ్యకుండ 20 దినార్ల సీసా కొట్టినా, మీ నల్ల కారు మీద గీతలు పడుతయి. అప్పుడు అద్దంల మీ మొకం చూసుకోండి, పోరని మొకం కాదు.

కార్లు కడిగే తమ్ముళ్లకు ఇంకో మాట. కొత్త కారు వరుసల చేరిన రోజే, ముఖ్యంగ నల్ల కారు అయితే, టార్చి వేసి నాలుగు దిక్కుల ఫోటోలు తీసి పెట్టుకోండి. తారీఖు ఫోన్లనే ఉంటది. పాత గీతలకు మీరు పైసలు కట్టే పని ఉండదు.

తప్పు రాస్తే చెప్పండి, దిద్దుకుంట. మీ దగ్గర కూడ ఇట్ల జీతం కోసిన సంగతి ఉంటే కింద రాయండి, పేర్లు వద్దు, జరిగింది రాస్తే చాలు. కార్లు కడిగే పని చేసేటోళ్లు మీ రూములల్ల ఉంటే ఇది చదివి వినిపించండి.

ఉంట మరి. అందరు పైలం.